ఆకాశంలో మన గడియారం

బీహెచ్‌ఈఎల్‌ దాటి ముంబయి హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తుంటే రాత్రీ పగలూ తేడా లేకుండా లారీలే. పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్‌, రుద్రారం... ఎక్కడ చూసినా ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. ఒకప్పుడు షోలాపూర్‌ నుంచో నాందేడ్‌ నుంచో సరుకు తెచ్చిన డ్రైవరు పాశమైలారం పోవాలంటే ఇస్నాపూర్‌ చౌరస్తాలో టీకొట్టు ముందు బండి ఆపి, 'అన్నా, ఈ కంపెనీ ఎటు?' అని అడిగేవాడు. ఇప్పుడా అవసరం లేదు. స్టీరింగ్‌ పక్కన తగిలించిన సెల్‌ఫోన్లో పటం, దాని మీద నీలంరంగు చుక్క. చుక్క ఎటు పోతే బండీ అటే.

ఇంతకీ ఆ చుక్కను అక్కడ పెట్టిందెవరు? నూటికి తొంభైమంది చెప్పే జవాబు... గూగుల్‌. కానే కాదు. గూగుల్‌ది పటం మాత్రమే. చుక్క ప్రధానంగా జీపీఎస్‌ది. ఆ జీపీఎస్‌ ఉపగ్రహాలన్నీ అమెరికా సైన్యంవి. ఇప్పుడు వాటిని నడిపేది అక్కడి స్పేస్‌ ఫోర్స్‌. అంటే ఇస్నాపూర్‌లో చాయ్‌ తాగుతున్న డ్రైవరుకు అతనెక్కడున్నాడో చెబుతున్నది ఎక్కడో అమెరికాలో ఉన్న ఓ సైనిక విభాగం!

చెప్పనీ, ఉచితంగానే కదా అనుకోవచ్చు. లారీకైతే నిజమే. చుక్క మాయమైతే డ్రైవరు బండి దిగి మళ్లీ టీకొట్టు వాడినే అడుగుతాడు. కానీ అదే హైవేకి కాస్త పక్కగా, దిగి దారి అడగడం కుదరని బళ్లు కూడా తయారవుతున్నాయి.

అడిగేందుకు ఎవరుంటారు?

కంది నుంచి శంకర్‌పల్లి రోడ్డు పట్టుకుంటే ఎద్దుమైలారం. అక్కడుంది ఆయుధ కర్మాగారం. ఉన్నది సంగారెడ్డి జిల్లాలో అయినా దాని పేరు మాత్రం నేటికీ 'మెదక్‌' ఆర్డ్‌నెన్స్‌ ఫ్యాక్టరీయే. ఇందిరాగాంధీ మెదక్‌ ఎంపీగా, దేశ ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1984లో మొదలైంది. 2021 అక్టోబరు నుంచి ఆర్మర్డ్‌ వెహికల్స్‌ నిగమ్‌ అనే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చింది. సైనికుల్ని కడుపులో పెట్టుకుని యుద్ధభూమిలోకి దూసుకెళ్లే 'శరత్‌' శకటాలు అక్కడివే. రష్యావాళ్ల బీఎంపీ-2కి మన రూపం అది. బరువు దాదాపు 14 టన్నులు. నడిపేవాళ్లు ముగ్గురు, లోపల కూర్చునే జవాన్లు ఏడుగురు. నేల మీదే కాదు, నీళ్లలోనూ ఈదుకుంటూ పోతుంది.

ఆ శకటం నెత్తిన ఉండే క్షిపణి పేరు కాంకర్స్‌. అది తయారయ్యేది కూడా ఎక్కడో కాదు... పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి వెళ్లే దారిలో, భానూరులోని భారత్‌ డైనమిక్స్‌ కర్మాగారంలో. ఈ కాంకర్స్‌ది పాతకాలం పద్ధతి. పేల్చగానే సన్నటి తీగను వెనకాలే వదులుకుంటూ వెళ్తుంది. గాలిపటం దారంలాగ అన్నమాట. పేల్చిన సైనికుడు గురి మీద నుంచి కన్ను తియ్యకుండా చూస్తుంటే, ఎటు తిరగాలో ఆ తీగ ద్వారానే దానికి కబురందుతుంది. నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్లి శత్రు ట్యాంకును కొడుతుంది. దానికి ఏ దేశపు ఉపగ్రహంతోనూ పనిలేదు.

మరి శకటం సంగతి? రాజస్థాన్‌ ఎడారిలో, చీకట్లో, దీపాలు ఆర్పేసి వెళ్తున్న శరత్‌ బండి సంగతి ఆలోచించండి. చుట్టూ ఇసుక దిబ్బలు. రాత్రి ఉన్న దిబ్బ పొద్దున్నకు ఉండదు. మైలురాయి లేదు, చెట్టు లేదు, టీకొట్టు అసలే లేదు. తామెక్కడున్నారో లోపలున్న పదిమందికీ తెలియాలి. తమవాళ్ల ఫిరంగులు గుండ్లు కురిపించే చోటు తామున్న చోటు కాకూడదంటే మరీ తెలియాలి. అలాంటప్పుడు చుక్క పరాయి దేశానిదైతే? వాళ్లు దాన్ని ఆపేస్తే? ఆపకపోయినా, కావాలని వంద మీటర్లు పక్కన చూపిస్తే?

ఇదేదో ఊహించి చెప్పే మాట కాదు. వంద మీటర్ల తేడా కావాలని పెట్టిన రోజులున్నాయి.

కార్గిల్‌ కొండల మీద...

జీపీఎస్‌ పుట్టిందే యుద్ధం కోసం. 1973లో అమెరికా రక్షణశాఖ దానికి పథకం వేసింది. 1978లో తొలి ఉపగ్రహం పైకెళ్లింది. 1983 సెప్టెంబరు 1న దక్షిణ కొరియా విమానం ఒకటి దారితప్పి సోవియట్‌ గగనతలంలోకి వెళ్లింది. యుద్ధవిమానాలు దాన్ని కూల్చేశాయి. 269 మంది చనిపోయారు. ఆ తర్వాతే, ఇలాంటి దారితప్పడాలు జరక్కుండా జీపీఎస్‌ను మామూలు జనానికీ ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్‌ ప్రకటించాడు.

ఇచ్చారు కానీ, కల్తీ చేసి ఇచ్చారు. సైన్యానికి కచ్చితమైన సంకేతం, మిగతా లోకానికి కావాలని తప్పు కలిపిన సంకేతం. ఆ తప్పు వంద మీటర్ల దాకా ఉండేది. 2000 మే నెలలో క్లింటన్‌ ప్రభుత్వం ఆ కల్తీని ఆపేసింది. ఫోన్లలో, కార్లలో నీలం చుక్కలు పుట్టుకొచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడు తేదీలు చూడండి. కార్గిల్‌ యుద్ధం 1999 మే నుంచి జులై దాకా జరిగింది. అంటే కల్తీ ఇంకా ఉన్న రోజులు. శత్రువులు కాచుకున్న శిఖరాల తావుల కోసం మన సైన్యం జీపీఎస్‌ సమాచారం అడిగితే అమెరికా కాదందని మన దేశంలో విస్తృతంగా చెప్పుకుంటారు. ఆ అడగడం, కాదనడం ఎలా జరిగాయన్నది అటుంచితే, అందరికీ దొరికే సంకేతమే ఆనాడు వంద మీటర్లు తప్పేది. మైదానంలో వంద మీటర్లంటే రెండు పొలాల అవతల. కార్గిల్‌ లాంటి చోట వంద మీటర్లంటే పక్క శిఖరం, కాదంటే కింద లోయ.

ఆ దెబ్బ నుంచే సొంత వ్యవస్థ కావాలన్న పట్టుదల పెరిగింది. 2006లో కేంద్రప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అంచనా వ్యయం 1,420 కోట్ల రూపాయలు. పేరు ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్‌... నోరు తిరగని పేరే. 2016లో ఏడో ఉపగ్రహం ఎగిరిన రోజున ప్రధాని నరేంద్ర మోదీ దానికి 'నావిక్‌' అని పేరు పెట్టారు. ఇందులో రెండు రకాల సేవలున్నాయి. ఒకటి అందరికీ. రెండోది రహస్య సంకేతాల్లో వచ్చేది. అనుమతి ఉన్న రక్షణ బలగాలే దాన్ని విప్పి చదవగలవు. ఒకే ఉపగ్రహం అటు లారీకీ, ఇటు శకటానికీ కబురు చెబుతుందన్నమాట. కాకపోతే రెండు వేరువేరు భాషల్లో.

మెరుపూ... ఉరుమూ

దారి చూపే ఉపగ్రహంలో ఏముంటుంది? కెమెరా ఉంటుందనీ, పైనుంచి మనల్ని చూస్తుందనీ చాలామంది అనుకుంటారు. అదేం లేదు. అది ఎవర్నీ చూడదు. అందులో ఉండే అసలైన వస్తువు గడియారం. మిగతాదంతా ఆ గడియారాన్ని బతికించడానికీ, అది చెప్పే టైమును కిందికి వినిపించడానికీ ఉన్న సరంజామా.

వానాకాలంలో ఉరుము లెక్క ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. మెరుపు మెరిశాక ఒకటి, రెండు, మూడు... అని లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఉరుము వినబడితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. చప్పుడు వేగం తెలుసు, పట్టిన సమయం తెలుసు, కాబట్టి దూరం తెలిసిపోయింది. ఉపగ్రహం లెక్క కూడా అంతే. 'ఇప్పుడు నా గడియారంలో టైమ్‌ ఇంత, నేనున్న చోటు ఇది' అని అది అరుస్తూ ఉంటుంది. ఆ కేక రేడియో తరంగం రూపంలో 36 వేల కిలోమీటర్లు దాటి మన దగ్గరికి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు కన్నా కాస్త తక్కువ పడుతుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసుకుంటే అది ఎంత దూరంలో ఉందో తేలుతుంది. ఒక ఉపగ్రహంతో దూరమే తెలుస్తుంది, చోటు తెలియదు. మూడింటి దూరాలు తెలిస్తే చోటు తేలాలి. కానీ కింద మన ఫోన్లో ఉన్నది సాదాసీదా గడియారం, దాని తప్పును సరిచేయడానికి నాలుగోది కావాలి. ఏం చేసినా కనీసం నాలుగు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పనుంది.

చిక్కంతా వేగంతోనే. చప్పుడైతే సెకనుకు 340 మీటర్లు. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పితే కింద చుక్క 300 మీటర్లు తప్పుతుంది. సెకనులో వంద కోట్లో వంతు తప్పితే జానెడున్నర... అంటే 30 సెంటీమీటర్లు. గోడ గడియారంతోనో చేతి వాచీతోనో అయ్యే పని కాదు. అందుకే రుబీడియం అణు గడియారం పెడతారు. గోడ గడియారంలో లోలకం ఊగినట్టు ఇందులో రుబీడియం పరమాణువు స్పందనే కొలమానం. సెకనుకు 683 కోట్ల పైచిలుకు సార్లు!

ఇక్కడే ఐన్‌స్టీన్‌ కూడా వచ్చి చేరతాడు. భూమ్యాకర్షణ తక్కువగా ఉన్నచోట గడియారం వేగంగా నడుస్తుందని ఆయన సిద్ధాంతం. జీపీఎస్‌ ఉపగ్రహాల్లో గడియారాలు నేల మీదవాటి కన్నా రోజుకు సెకనులో పది లక్షలో 38 వంతులు ముందుకు పోతాయి. ఆ కాస్త సరిచెయ్యకపోతే చుక్క ఒక్క రోజులో 11 కిలోమీటర్ల దాకా తప్పుతుంది. సంగారెడ్డిలో ఆగి ఉన్న లారీ, తెల్లారేసరికి కంది దాటి రుద్రారం వైపు వెళ్లిపోయినట్టు పటంలో కనబడుతుంది. యజమాని ఫోన్‌చేసి డ్రైవర్ని తిడతాడు.

జీపీఎస్‌ ఉపగ్రహాలు ముప్ఫై వరకూ ఉంటాయి, ప్రపంచమంతా తిరుగుతాయి. మనకు అంత హంగు అక్కర్లేదనుకున్నారు. మన దేశం, సరిహద్దులకు అవతల 1,500 కిలోమీటర్లు... ఇంతవరకూ కనబడితే చాలు. అందుకని ఏడింటితో సరిపెట్టారు. వాటిలో మూడు భూమధ్యరేఖ మీద, నేల నుంచి చూస్తే కదలనట్టే ఉంటాయి. మిగతా నాలుగూ ఆకాశంలో 8 అంకె గీస్తూ తిరుగుతాయి. కదలని మూడింటిలో ఒకటైన 1సీకి ఇచ్చిన చోటు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత మన విశాఖపట్నానికి దగ్గర్లోంచే పోతుంది. తక్కువ ఖర్చుతో తెలివైన ఏర్పాటే. కానీ ముప్ఫైలో ఒకటి పాడైతే ఎవరికీ తెలియదు. ఏడులో ఒకటి పాడైతే ఇల్లంతా తెలుస్తుంది.

బస్సు స్టాపు దాకానే

2013 జులై 1. శ్రీహరికోట. రాత్రి 11 గంటల 41 నిమిషాలు. 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువున్న పీఎస్‌ఎల్‌వీ-సి22 చీకటిని చీల్చుకుంటూ లేచింది. పైన 1,425 కిలోల ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్‌-1ఏ. ఈ రాకెట్టులో నాలుగు దశలుంటాయి. ఒకటి, మూడు ఘన ఇంధనంతో, రెండు, నాలుగు ద్రవ ఇంధనంతో మండుతాయి. రెండో దశను నడిపేది వికాస్‌ ఇంజిన్‌. ఆ వికాస్‌ ఇంజిన్లను ఇస్రోకు తయారుచేసి ఇచ్చేవాటిలో హైదరాబాద్‌ బాలానగర్‌లోని ఎంటార్‌ సంస్థ ఒకటి. రాకెట్లకు కావాల్సిన ప్రత్యేకమైన ఉక్కు, టైటానియం లోహాలు కంచన్‌బాగ్‌లోని మిధాని నుంచి వెళ్తాయి. సముద్రం ఒడ్డున లేచే రాకెట్టులో ఈ ఊరి లేతు మిషన్ల చప్పుడు కూడా ఉందన్నమాట.

టీవీలో చూసేవాళ్లకు 20 నిమిషాల్లో చప్పట్లతో కార్యక్రమం అయిపోతుంది. ఉపగ్రహానికి మాత్రం అసలు పని అప్పుడే మొదలు. రాకెట్టు బస్సులాంటిది. స్టాపులో దించుతుందిగానీ ఇంటి గుమ్మం దాకా రాదు. 1ఏని దించిన కక్ష్య గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 300 కిలోమీటర్ల లోపు ఎత్తు, దూరంగా వెళ్లినప్పుడు 20 వేల పైచిలుకు. అక్కడినుంచి 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఉపగ్రహం తన సొంత ఇంజిన్‌ను పలుమార్లు మండించుకుంటూ ఎక్కాలి. కర్ణాటకలోని హాసన్‌ కేంద్రంలో కూర్చున్న ఇంజినీర్లు రోజుల తరబడి కళ్లలో ఒత్తులు వేసుకుని దాన్ని పైకి నడిపిస్తారు. బస్సు దిగి ఇంటికి నడిచే ఆ దారిలోనే తర్వాత ఓ పెద్ద దెబ్బ తగిలింది. ఆ సంగతికి వద్దాం.

మొదట్లో మాత్రం అంతా సజావుగానే సాగింది. 2014లో రెండు, 2015లో ఒకటి, 2016 తొలి నాలుగు నెలల్లో మూడు. ఆ ఏడాది ఏప్రిల్‌ 28న ఏడోది 1జీ ఎగిరింది. ఏడూ పూర్తి. ఏడుకు ఏడూ పీఎస్‌ఎల్‌వీయే మోసుకెళ్లింది, ఒక్కటీ తప్పలేదు. నావిక్‌ వచ్చేసిందని పండగ చేసుకున్నారు.

కొన్న గడియారం

పండగ ముచ్చట తీరకుండానే 1ఏలో గడియారాలు ఆగిపోయాయి. ఒక్కో ఉపగ్రహంలో మూడేసి గడియారాలు పెట్టారు, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. 1ఏలో మూడూ పోయాయి. 2017 మొదట్లో ఈ సంగతి బయటికొచ్చింది. ఉపగ్రహానికి కరెంటు ఉంది, ఇంజిన్‌ ఉంది, యాంటెన్నా ఉంది... టైమ్‌ మాత్రం లేదు. దారి చూపే ఉపగ్రహం టైమ్‌ చెప్పలేకపోతే అది కళ్లుపోయిన మార్గదర్శే. మిగతా ఉపగ్రహాల్లోనూ కొన్ని గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి.

అవి స్విట్జర్లాండ్‌ నుంచి కొన్నవి. ఆ కంపెనీ గడియారాలే ఐరోపా దేశాల గెలీలియో ఉపగ్రహాల్లోనూ ఉన్నాయి. అక్కడ కూడా కొన్ని ఆగిపోయాయి. కాబట్టి తప్పు మన బిగింపుదని అనలేం. అయితే ఐరోపా దగ్గర ఉపగ్రహాలు ఎక్కువ, తట్టుకున్నారు. మన దగ్గర ఏడే.

ఇక్కడ ఒక్కమాట చెప్పుకోవాలి. పరాయివాళ్ల చుక్కను నమ్ముకోకూడదని 1,420 కోట్ల అంచనాతో సొంత వ్యవస్థకు దిగాం. రాకెట్టు మనది, ఉపగ్రహం మనది, నేల మీది కేంద్రాలు మనవి. ఆ వ్యవస్థకు ప్రాణమైన గడియారాన్ని మాత్రం కొనుక్కొచ్చి పెట్టాం. దీన్ని తప్పుపట్టడం తేలికే. అణు గడియారం చెయ్యగలిగిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది వచ్చేదాకా ఆగితే ఏడింటిలో ఒక్కటీ ఎగిరేది కాదు. అయినా ఆ లోటు ఖరీదు మాత్రం తెలిసొచ్చింది.

1ఏ స్థానంలోకి పంపుదామని 2017 ఆగస్టు 31న 1హెచ్‌ను ఎక్కించారు. రాకెట్టు తలమీద ఉపగ్రహానికి రక్షణగా టోపీలాంటి ఉష్ణకవచం ఉంటుంది. గాలిపొర దాటగానే అది రెండుగా విడిపోయి పడిపోవాలి. ఆ రోజు విడిపోలేదు. ఉపగ్రహం ఆ టోపీలోపలే ఉండిపోయింది. పెట్టె తెరుచుకోని పెళ్లిచీర అయిపోయింది పాపం. 2018 ఏప్రిల్‌ 12న 1ఐ వెళ్లి ఆ లోటు తీర్చింది.

ఈలోగా అహ్మదాబాద్‌లో ఇస్రోకు చెందిన స్పేస్‌ అప్లికేషన్స్‌ సెంటర్‌ శాస్త్రవేత్తలు సొంత రుబీడియం గడియారం తయారుచేసే పనిలో ఉన్నారు. ఏళ్లు పట్టింది. 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్‌12 మోసుకెళ్లిన ఎన్‌వీఎస్‌-01లో అది తొలిసారి ఎక్కింది. ఇది రెండో తరం ఉపగ్రహం. బరువు 2,232 కిలోలు, ఆయుష్షు 12 ఏళ్లని లెక్క. పాతవాటిలో లేని ఎల్‌1 అనే తరంగాన్ని కూడా ఇది పంపుతుంది. మామూలు సెల్‌ఫోన్లు, చేతి గడియారాలు అందుకోగలిగేది ఎక్కువగా ఆ తరంగాన్నే. కార్గిల్‌ జరిగిన 24 ఏళ్లకు, మన ఆకాశంలో మన గడియారం టిక్కుటిక్కుమంది.

నూరో రాకెట్టు

2025 జనవరి 29, తెల్లవారుజామున 6 గంటల 23 నిమిషాలు. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్‌15 మీద ఎన్‌వీఎస్‌-02. శ్రీహరికోట నుంచి అది నూరో ప్రయోగం. రాకెట్టు తన పని పొల్లుపోకుండా చేసింది. ఉపగ్రహం సౌరఫలకాలు విచ్చుకున్నాయి. కరెంటు బాగానే వస్తోంది. ఇక బస్సు స్టాపు నుంచి ఇంటికి నడవాలి... ఇంజిన్‌ వెలగలేదు. అంతరిక్షంలో గాలి ఉండదు కాబట్టి ఇంధనాన్ని మండించేందుకు ఆక్సీకరణిని కూడా ఉపగ్రహమే మోసుకెళ్లాలి. ఆ ఆక్సీకరణిని ఇంజిన్‌లోకి వదలాల్సిన వాల్వులు తెరుచుకోలేదని ఫిబ్రవరి 2న ఇస్రో ప్రకటించింది. ఉపగ్రహం కోడిగుడ్డు కక్ష్యలోనే ఉండిపోయింది. గ్యాస్‌ బండ నిండా ఉంది, పొయ్యి ఉంది, రెగ్యులేటర్‌ తిరగలేదు... అంతే.

శ్రీహరికోట చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడ ఓ పాత సంగతి గుర్తుకురాక మానదు. 1979 ఆగస్టు 10న అక్కడినుంచి మన సొంత ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 తొలిసారి లేచింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్‌ అబ్దుల్‌ కలామ్‌. అది కాసేపటికే సముద్రంలో కూలింది. కారణం... రెండో దశలో ఒక వాల్వు మొరాయించడం! ఆనాడు రాకెట్టులోది, ఈనాడు ఉపగ్రహంలోది. మొదటి ప్రయోగానికీ నూరో ప్రయోగానికీ నడుమ మనవాళ్లు చంద్రుడి దాకా, అంగారకుడి దాకా వెళ్లొచ్చారు. వాల్వు మాత్రం రెండుసార్లూ తన మాటే నెగ్గించుకుంది. పాశమైలారంలో, బొల్లారంలో షిఫ్టు చేసేవాళ్లకు ఇది వింతగా అనిపించదు. కోట్ల రూపాయల యంత్రాన్ని కూర్చోబెట్టేది ఎప్పుడూ పదిమంది చూసే పెద్ద భాగం కాదని వాళ్లకు తెలుసు.

లెక్క వేసుకుంటే అప్పటికి మొత్తం ఎగిరినవి 11. ఎన్ని పనిచేస్తున్నాయి? 2025 జులైలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇదీ: దారి, టైమ్‌ చెప్పగలుగుతున్నవి నాలుగు. కబుర్లు పంపడానికి మాత్రమే పనికొస్తున్నవి నాలుగు. గడువుతీరి విరమించుకున్నది ఒకటి. అనుకున్న కక్ష్యకు చేరలేనివి రెండు. కబుర్లు పంపేవాటిని బొత్తిగా దండగ అనలేం. గడియారం లేకపోయినా గొంతు ఉంది, నడిసంద్రంలో సెల్‌ఫోన్‌ సిగ్నల్‌ అందని మత్స్యకారులకు తుపాను హెచ్చరికల్లాంటివి వాటి ద్వారా పంపొచ్చు. కానీ అప్పటికి దారి చూపేవి నాలుగే. గుర్తుపెట్టుకోమన్న అంకె అదే. నాలుగుంటేనే చోటు తేలుతుంది. మూడయ్యాయంటే లెక్క తెగదు.

కందిలో డ్రైవర్‌ లేని బండి

ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలోనే 2008లో ఐఐటీ హైదరాబాద్‌ తొలి తరగతులు మొదలయ్యాయి. తర్వాత కందిలో సొంత ప్రాంగణానికి మారింది. అక్కడ 'తిహాన్‌' అనే కేంద్రం ఉంది. మనిషి అక్కర్లేకుండా నడిచే బళ్లు, ఎగిరే డ్రోన్ల మీద పరిశోధన దాని పని. వాటిని పరీక్షించే మైదానాన్ని 2022 జులై 4న కేంద్రమంత్రి జితేంద్రసింగ్‌ ప్రారంభించారు. 2025 నాటికి ఆ ప్రాంగణంలో విద్యార్థుల్ని ఎక్కించుకుని డ్రైవర్‌ లేని బస్సులు తిరుగుతున్నాయి. ఇలాంటి బళ్లకు కెమెరాలు, లేజర్‌ కళ్లు కూడా ఉంటాయి, ఉపగ్రహమొక్కటే దిక్కు కాదు. అయినా డ్రైవరే లేని బండికి చుక్క తప్పితే, దిగి అడిగేవాళ్లెవరు?

తప్పించేవాళ్లు కూడా తయారయ్యారు. ఉక్రెయిన్‌ యుద్ధంలో జీపీఎస్‌ సంకేతాల్ని నొక్కేయడం, దొంగ సంకేతాలు పంపి దారి మళ్లించడం రోజువారీ ఆయుధాలైపోయాయి. అదేదో దూరదేశం ముచ్చట అనుకోనక్కర్లేదు. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర విమానాలకు దొంగ జీపీఎస్‌ సంకేతాలు తగిలాయి. డిసెంబరులో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌ నాయుడు పార్లమెంటులో దీన్ని ధ్రువీకరించారు. ఇలాంటి ఆటంకాల మీద ఫిర్యాదులు వస్తున్న విమానాశ్రయాల జాబితాలో హైదరాబాద్‌ కూడా ఉంది.

నావిక్‌ ఉంటే ఈ దొంగాట సాగదా? అందరికీ ఇచ్చే సంకేతమైతే నావిక్‌దైనా నకలు చెయ్యొచ్చు. రహస్య సంకేతాన్ని నకలు చెయ్యడం మాత్రం చాలా కష్టం. సైన్యం పట్టుబట్టేది దాని కోసమే. కవచ వాహనాల కోసం భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ రూపొందించిన కొత్త దారిచూపే పరికరం నావిక్‌నూ, జీపీఎస్‌నూ, రష్యా గ్లోనాస్‌నూ అందుకోగలదు. మూడు ఇళ్లలో అడిగి దారి తెలుసుకోవడం లాంటిదే ఇది. ఒకరు అబద్ధం చెబితే మిగతా ఇద్దరి మాటతో పట్టేయొచ్చు. ఆ ముగ్గురిలో ఒకడు మన ఇంటివాడై ఉండాలన్నదే తాపత్రయం.

లారీల దాకా కూడా నావిక్‌ వచ్చేసింది. వాణిజ్య వాహనాలకు నావిక్‌ అందుకునే ట్రాకింగ్‌ పరికరాలను 2019 ఏప్రిల్‌ నుంచి తప్పనిసరి చేశారు. కొన్ని సెల్‌ఫోన్లూ అందుకుంటున్నాయి, 2023లో వచ్చిన ఐఫోన్‌ 15 ప్రో లాంటివి. మీ ఫోన్‌ సంగతి తెలుసుకోవాలంటే ఉపగ్రహాలను చూపించే ఉచిత యాప్‌లున్నాయి. డాబా మీదికెళ్లి తెరిస్తే తలమీదున్న ఉపగ్రహాలన్నీ జెండాలతో సహా కనబడతాయి. అమెరికావి, రష్యావి, చైనావి, ఐరోపావి... వాటి మధ్యలో మువ్వన్నెలు కనబడితే పిల్లలకు చూపించండి.

ఆ జెండాల సంఖ్య పెరగాలంటే కొత్తవి ఎగరాలి. తొలి తరం ఉపగ్రహాల ఆయుష్షు పదేళ్లు. 2014 ఏప్రిల్‌లో వెళ్లిన 1బీకి ఆ గడువు 2024లోనే తీరింది. 2016లో వెళ్లినవాటికి 2026తో తీరుతుంది. 2025 చివరికల్లా ఎన్‌వీఎస్‌-03, ఆ తర్వాత ఆరేసి నెలల తేడాతో 04, 05 పంపుతామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 ముగిసింది. ఎన్‌వీఎస్‌-03 ఆ ఏడాది ఎగరలేదు.